ప్లాంట్లు పన్నెండు సరే, ఆ నీళ్లు ఎవరు తాగుతున్నారు?

ప్రశ్న:

అక్కా, నమస్తే. నేను కనిగిరి వైపు ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో నాలుగేళ్లుగా ఫీల్డ్ కోఆర్డినేటర్‌గా చేస్తున్నాను. మా దగ్గర బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఈ ఊళ్ల నుంచి అమెరికా వెళ్లి స్థిరపడినవాళ్లు కొందరు డబ్బులు పోగేసి పంపితే, మూడేళ్ల కింద 12 ఊళ్లలో ఆర్‌ఓ వాటర్ ప్లాంట్లు పెట్టాం. ఇప్పుడు వాళ్లు ఎవాల్యుయేషన్ రిపోర్టు అడుగుతున్నారు. రిపోర్టు బాగుంటే ఇంకో పది ఊళ్లకు ఇస్తామన్నారు. గడువు ఆరు వారాలు. 64 గడుల ఫారం ఒకటి పంపారు. ఎన్ని ప్లాంట్లు, ఎన్ని కుటుంబాలు, ఎన్ని లీటర్లు, ఇవన్నీ నింపగలను. కానీ మూడు ఊళ్లలో ప్లాంటు నెలలో సగం రోజులు నడవదు. ఒక ఊళ్లో ఎస్సీ కాలనీవాళ్లు అసలు నీళ్లకే రారు. ఎందుకని అడిగితే "దూరం" అంటారు, అంతకు మించి నోరు విప్పరు. ఇవన్నీ రాస్తే ఫండ్ ఆగిపోతుందని మా సార్ భయం. రాయకపోతే నాకు నిద్ర పట్టదు. పైగా ఫ్లోరోసిస్‌తో కాళ్లు వంకరపోయిన ఒక పాప ఫొటో పెట్టి సక్సెస్ స్టోరీ రాయమన్నారు. నేను చదివింది బీకాం. మానిటరింగ్‌కీ ఎవాల్యుయేషన్‌కీ తేడా ఏంటో కూడా నాకు సరిగ్గా తెలీదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

— ఒక చెల్లెలు

జవాబు:

చెల్లీ, అక్కా అని పిలిచావు కాబట్టి చనువుగా నువ్వు అనే రాస్తున్నాను. నువ్వు అడిగింది రిపోర్టు ఎలా రాయాలని. నీ ఉత్తరం చదువుతుంటే ఎవాల్యుయేషన్ సగం నీ దగ్గర ఇప్పటికే ఉన్నట్టు అనిపించింది. మూడు ఊళ్లలో ప్లాంటు సరిగ్గా నడవట్లేదని నీకు తెలుసు. ఒక కాలనీ మొత్తం రావట్లేదని తెలుసు. ఈ రెండు ముక్కలూ ఆ 64 గడుల్లో ఎక్కడా పట్టవు. వాటికి చోటు చేయడమే ఇప్పుడు నీ అసలు పని.

ముందు ఆ తేడా సంగతి చెప్పేస్తాను. కంది వేసిన రైతు రోజు మార్చి రోజు చేనికెళ్లి పూత నిలిచిందా, కాయలో పురుగు పడిందా అని చూసుకుంటాడు. తేడా కనిపిస్తే ఆ రోజే ఏదో ఒకటి చేస్తాడు. అది మానిటరింగ్, అంటే పర్యవేక్షణ. పంట కళ్లానికి వచ్చాక ఎన్ని బస్తాలు అయ్యాయి, పెట్టుబడి పోను ఏం మిగిలింది, పక్క చేను ఆయనకు ఎంత వచ్చింది, వచ్చే ఏడు మళ్లీ కందే వేయాలా అని కూర్చుని లెక్క చూసుకుంటాడు. అది ఎవాల్యుయేషన్, అంటే మూల్యాంకనం. చేనికి ఒక్కసారీ వెళ్లని మనిషికి దిగుబడి ఎందుకు తగ్గిందో కళ్లంలో తెలియదు. మీ సంస్థలో నువ్వు ఊళ్లు తిరిగావు, చూశావు, కానీ చూసింది నెలనెలా రాసిపెట్టే పద్ధతి లేనట్టుంది. అందుకే ఆరు వారాల్లో మూడేళ్ల సంగతి చెప్పమనేసరికి నీకు ఊపిరాడట్లేదు. ఇందులో బీకాం తక్కువేమీ కాదు. లెక్కను లెక్కతో సరిచూడటం నీకు నేర్పారు కదా, చాలా మట్టుకు ఇక్కడ కావలసింది అదే.

నా అనుభవం ఒకటి చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో అనంతపురం జిల్లాలో ఒక సంస్థ తరఫున ఆడవాళ్లకు కుట్టు శిక్షణ ఇచ్చాం. 40 మందికి శిక్షణ, 40 మిషన్లు. రిపోర్టు నేనే రాశాను, ఫొటోలు కూడా నేనే తీశాను. అంతా బాగా జరిగిందని పైవాళ్లు మెచ్చుకున్నారు. రెండేళ్ల తర్వాత వేరే పని మీద ధర్మవరం దగ్గర అదే పల్లెకు వెళ్లాను. ఒకావిడ ఇంట్లో మిషన్ మీద టీవీ పెట్టి ఉంది. కింద పెడల్ మీద ఒక పాత చీర ముక్క, దాని మీద కోడి పొదుగుతోంది. ఏమైందమ్మా అని అడిగాను. బాబిన్ కేస్ ఎక్కడో పడిపోయిందట. కొత్తది కావాలంటే ధర్మవరం పోవాలి, బస్సు చార్జీతో పాటు ఒక పూట కూలి పోతుంది. అయినా తెచ్చుకుని ఏం కుట్టాలి? మేం నేర్పింది లంగాలు, దిండు గలీబులు. ఊళ్లో డబ్బులిచ్చి కుట్టించుకునేది జాకెట్లు. జాకెట్ కటింగ్ మా శిక్షణలో లేనే లేదు. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగితే ఆవిడ నా మొహం చూసి, "మీరు అది అడగలేదు కదమ్మా. ఎన్ని రోజులు వచ్చావని అడిగారు, అన్ని రోజులూ వచ్చానని చెప్పాను" అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. నేను రాసిన అంకె తప్పు కాదు, 40 మంది నిజంగానే వచ్చారు. కానీ మేం ఇచ్చింది లెక్కపెట్టాం తప్ప వాళ్ల బతుకులో ఏం మారిందో చూడలేదు.

నీ ఫారం కూడా అలాంటిదే. 12 ప్లాంట్లు, ఇన్ని లీటర్లు అనేది మీరు ఇచ్చిన దాని లెక్క. నీకు కావలసింది ఇంట్లో బిందె లెక్క. అందుకే సర్వేలో "ప్లాంటు నీళ్లు బాగున్నాయా?" అని అడగొద్దు. సంస్థ వాళ్లు ఇంటికొచ్చి అలా అడిగితే మర్యాదస్తులు ఎవరైనా బాగున్నాయనే అంటారు. "ఈ రోజు పొద్దున తాగిన నీళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చారు?" అని అడుగు. "నిన్న రాత్రి అన్నం ఏ నీళ్లతో వండారు?" అని అడుగు. వీలైతే వంటింటి గడప దగ్గర నిలబడి క్యాను చూపించమను. అందులో నీళ్లున్నాయా, ఎండిపోయి మూలన పడుందా అన్నది కళ్లకే తెలుస్తుంది. వంట సంగతి ప్రత్యేకంగా ఎందుకు చెప్తున్నానంటే, ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లతో అన్నం, పప్పు వండితే అదీ కడుపులోకే పోతుంది. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. తాగడానికి మాత్రమే క్యాను నీళ్లు వాడి వంటకు బోరు నీళ్లు వాడే ఇల్లు మీ రిజిస్టర్‌లో "లబ్ధి పొందిన కుటుంబం" కిందే ఉంటుంది.

ఏ ఇళ్లకు వెళ్లాలన్నది కూడా చిన్న విషయం కాదు. సర్పంచ్ గారింట్లో కాఫీ తాగి, ఆ వీధిలోనే నాలుగిళ్లు అడిగి వస్తే పని అయినట్టు కనిపిస్తుంది. తారు రోడ్డు పక్కన ఉన్నవాళ్లు, మాట్లాడటం వచ్చినవాళ్లు, పగలు ఇంట్లో ఉండగలిగినవాళ్లు, వీళ్లే మనకు ఎప్పుడూ దొరుకుతారు. నువ్వు రేషన్ కార్డుల జాబితా తీసుకో. ప్రతి ఇరవయ్యో పేరు దగ్గర టిక్ పెట్టు. ఆ ఇల్లు ఎంత చివరున్నా అక్కడికే వెళ్లు. ఒంటరి ముసలివాళ్లు ఒకరిద్దరైనా తప్పకుండా ఉండేలా చూసుకో. ఇరవై లీటర్ల క్యానంటే ఇరవై కిలోల బరువు, వాళ్లు ఎలా మోస్తారు? కూలికి పోయేవాళ్ల ఇళ్లకు చీకటి పడ్డాకే వెళ్లాలి. వస్తున్నానని ముందు చెప్పకుండా వెళ్లు. చెప్తే ఆ రోజు ప్లాంటు తప్పకుండా నడుస్తుంది.

ఇక ప్లాంటు దగ్గర. మనుషులు మొహమాటానికి చెప్పనిది కాగితాలు చెప్తాయి. ఆపరేటర్ రిజిస్టర్ పక్కన కరెంటు బిల్లులు పెట్టి, నెల నెలా యూనిట్లు రాసుకో. రిజిస్టర్‌లో ప్రతి నెలా రోజుకు 150 క్యాన్లు అని ఒకే అంకె ఉండి, బిల్లులో యూనిట్లు సగానికి పడిపోయిన నెలలు కనిపిస్తే, ఆ నెలల్లో ప్లాంటు ఆగిందన్నమాట. ఫిల్టర్ కార్ట్రిడ్జ్‌లు కొన్న బిల్లులు చూడు. ఏడాదిగా ఒక్క బిల్లూ లేకపోతే మార్చలేదని అర్థం. వసూలైన డబ్బు బ్యాంకు పాస్‌బుక్‌లో పడిందా చూడు. ఇందులో ఆపరేటర్‌ని దొంగలా చూడొద్దు. అతనికి ఎన్ని నెలలుగా జీతం అందలేదో కూడా అడుగు. చాలా చోట్ల అసలు కథ అక్కడ మొదలవుతుంది.

డబ్బు లెక్క ఒకసారి చూద్దాం. క్యాను ఐదు రూపాయలనుకో, రోజుకు 150 క్యాన్లు పోతే నెలకు 22,500. అందులో ఆపరేటర్ జీతం, కరెంటు, ఫిల్టర్లు, చిన్నా చితకా రిపేర్లు పోవాలి. మెంబ్రేన్, అంటే నీళ్లను వడకట్టే పొర, రెండు మూడేళ్లకోసారి మార్చాలి కాబట్టి దానికి నెల నెలా కొంత పక్కన పెట్టాలి. ఆ మెంబ్రేన్ డబ్బు మొదటి రోజు నుంచీ ఎవరూ పక్కన పెట్టి ఉండరు. 60 క్యాన్లే పోయే చిన్న ఊళ్లో పక్కన పెట్టడానికి మిగలదు కూడా. మీ ప్లాంట్లకు ఇప్పుడు మూడో ఏడు. ఆ మూడు ఊళ్లూ సరిగ్గా ఇప్పుడే ఎందుకు కుంటుతున్నాయో నాకైతే ఈ లెక్కలోనే దొరుకుతుందనిపిస్తోంది. వెళ్లి చూడు, నా అనుమానం తప్పయితే తప్పని రాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ప్లాంటు దగ్గర టీడీఎస్ మీటర్ ముంచి "చూడండి మేడమ్, ఎంత తక్కువుందో" అని చూపిస్తారు. టీడీఎస్ మీటర్ నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతున్నాయో అంచనా చెబుతుంది. అందులో ఫ్లోరైడ్ ఎంతో దానికి తెలియదు. మన దేశ ప్రమాణాల ప్రకారం లీటరు నీళ్లలో టీడీఎస్ 500 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా సర్దుకోవచ్చు. వందల్లో ఉన్న అంకెలో ఒకటిన్నర ఎక్కడ కనిపిస్తుంది? మీ ప్లాంట్లు పెట్టిందే ఫ్లోరైడ్ కోసం. కాబట్టి 12 చోట్లా బోరు నీళ్లు, ప్లాంటు నీళ్లు విడివిడిగా ఫ్లోరైడ్‌కి పరీక్ష చేయించకుండా ఈ రిపోర్టు పంపొద్దు. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష కిట్ మీద శిక్షణ ఇవ్వాలని పెట్టారు. మీ ఊళ్లలో అలా శిక్షణ తీసుకున్నవాళ్లు ఎవరున్నారో కనుక్కో. కిట్‌తో ముందు వాళ్ల చేతే చేయించి, తర్వాత గ్రామీణ నీటి సరఫరా శాఖ (ఆర్‌డబ్ల్యూఎస్) ల్యాబ్‌లో సరిచూడు.

కొలవాల్సినదాన్ని కొలవకపోతే ఎంత దూరం పోతుందో బంగ్లాదేశ్‌లో జరిగింది తలుచుకుంటే గుండె జారుతుంది. చెరువు నీళ్లు తాగి పిల్లలు విరేచనాలతో చనిపోతున్నారని 1970ల్లో యూనిసెఫ్ లాంటి సంస్థల సాయంతో పెద్ద ఎత్తున గొట్టపు బావులు వేశారు. ఎన్ని బావులు వేశామన్నదే విజయానికి కొలత అయింది. ఆ నీళ్లలో ఆర్సెనిక్ ఉందేమోనని ఎవరూ చూడలేదు. 1993లో బయటపడింది. అప్పటికి కోట్ల మంది ఆ నీళ్లే తాగుతున్నారు. ఆ బావులు వేసినవాళ్లెవరికీ చెడు ఉద్దేశం లేదు.

మన దగ్గరికి వస్తే, మన దేశంలో ఊళ్లకు ఊళ్లను పట్టిన ఫ్లోరోసిస్ గురించి వైద్యులు మొదట రాసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల గురించి. మీ కనిగిరి ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలోనిదే. అంత పాత కష్టం మీది. దాని మీద మూడేళ్ల ప్లాంటుతో ఏం మారిందని అడిగేటప్పుడు ఏది ఇంత తొందరగా మారుతుందో, ఏది మారదో తెలిసి అడగాలి. ఫ్లోరైడ్ వల్ల పన్ను మీద మచ్చ చిగురు లోపల పన్ను తయారయ్యే వయసులో పడుతుంది, దాదాపు ఎనిమిదేళ్ల లోపు. ఒకసారి పడ్డాక మంచి నీళ్లు తాగినా పోదు. మీ ఊళ్లలో ప్లాంటు వచ్చాక పుట్టిన పిల్లలకు ఇంకా పాలపళ్లే. కాబట్టి బడి పిల్లల పళ్లు చూసి ప్లాంటు పనిచేసిందనీ, చేయలేదనీ ఇప్పుడే చెప్పలేం. ఒంట్లోకి ఈ మధ్య ఎంత ఫ్లోరైడ్ పోతోందన్నది మూత్ర పరీక్షలో తెలుస్తుంది. అది డాక్టర్ల సాయంతో, ఇంటివాళ్ల ఒప్పుకోలుతో వచ్చే ఏడు చేసే పని. ఆరు వారాల్లో హడావుడిగా పెట్టుకోవద్దు. ఇప్పటికి "నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గిందా, ఆ నీళ్లు తాగడానికీ వంటకూ ఇంట్లోకి చేరుతున్నాయా" అన్నంత వరకు గట్టిగా చెప్పగలిగితే చాలు.

ఆ పాప ఫొటో విషయానికి ఇదే జవాబు. ఆ బిడ్డ కాళ్లు వంకరపోయింది మీ ప్లాంటు రాకముందు. ప్లాంటు నీళ్లతో ఆ కాళ్లు సరి కావు. ఆమె ఫొటో పెట్టి సక్సెస్ అని రాస్తే అది అబద్ధం. పైగా ఆ ఫొటో ఎవరెవరి ఫోన్లలో తిరుగుతుందో మనకు తెలియదు. రేపు పెళ్లీడుకు వచ్చాక ఆ పాప ఏమనుకుంటుంది? పంపొద్దు. దాతలు అడిగితే, కార్ట్రిడ్జ్ ఎలా మార్చాలో తానే నేర్చుకున్న ఆపరేటర్‌దో, పొదుపు సంఘం నుంచి లెక్క చూసే ఆవిడదో వాళ్లు ఒప్పుకుంటే ఫొటో పంపు. ఆ తల్లిని మాత్రం వెళ్లి కలువు. ఆ ఇంట్లో అన్నం ఏ నీళ్లతో వండుతున్నారో అడుగు.

కాలనీ సంగతి. "దూరం" అన్నారు కదా, ముందు ఆ దూరం నువ్వు నడువు. నిండు క్యానుతో ప్లాంటు నుంచి కాలనీ చివరి ఇంటి దాకా. ఎన్ని నిమిషాలు పట్టిందో, ఎక్కడ దించి చేయి మార్చుకున్నావో రాసుకో. తర్వాత ప్లాంటు ఎప్పుడు తెరుస్తారో చూడు. వాళ్లు కూలికి పోయే వేళకు తెరిచి, తిరిగొచ్చే వేళకు మూసేస్తుంటే దూరం సగం అక్కడే ఉంది. ప్లాంటు ఎవరి ఇంటి పక్కన, ఏ గుడి ఆవరణలో పెట్టారో ఆలోచించు. స్థలం ఎంచినప్పుడు కాలనీవాళ్లను ఎవరైనా అడిగారా? ఒక సాయంత్రం కాలనీలోనే, ఆడవాళ్లతో మాత్రమే కూర్చో. వివక్ష ఉందా అని సూటిగా అడిగితే పక్కవాళ్ల మొహాలు చూసి ఊరుకుంటారు. "నీళ్లకు పోతే కుళాయి మీరే తిప్పుకుంటారా, వేరేవాళ్లు పోస్తారా? మీ వెనక వచ్చినవాళ్లు మీకంటే ముందు పట్టుకుంటారా? చివరిసారి ఎప్పుడు వెళ్లారు, ఆ రోజు ఏం జరిగింది?" అని అడుగు. ఏదో ఒక రోజు ఏదో మాట పడి ఉంటారు. అది తెలిస్తే రిపోర్టులో దాన్ని "దూరం" అని మెత్తగా రాయొద్దు, ఉన్నదున్నట్టు రాయి. చెప్పినావిడ పేరు, ఇంటి ఆనవాలు మాత్రం ఎక్కడా ఉండకూడదు. నువ్వు మర్నాడు జీపెక్కి వెళ్లిపోతావు, ఆవిడ ఆ ఊళ్లోనే ఉండాలి.

ఇదంతా అయ్యాక నీ లెక్కలు మీ ఆఫీసులో ఉండిపోకూడదు. మన నేల మీద దీనికి మంచి దారులు ఉన్నాయి. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీ రైతుల సంఘం వాళ్లు 1994లో పల్లెల్లో జన సునవాయిలు, అంటే బహిరంగ విచారణలు మొదలుపెట్టి, పనుల బిల్లులు, మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) జనం ముందు గట్టిగా చదివారు. పని చేయనివాళ్ల పేర్లు, కట్టని గోడలు అక్కడికక్కడే బయటపడ్డాయి. 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్‌లో గ్రామసభ సామాజిక తనిఖీ చేయాలని పెట్టారు. దాన్ని రాష్ట్రమంతా ఒక పద్ధతిగా నడిపింది మన ఆంధ్రప్రదేశే. 2006 నుంచి మొదలుపెట్టి, 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీనే పెట్టారు. ఊళ్లో యువతీ యువకులు ఇల్లిల్లూ తిరిగి జాబ్ కార్డూ మస్టరూ పక్కపక్కన పెట్టి అడగడం, మండలంలో ప్రజా వేదిక పెట్టి అందరి ముందు తేల్చడం మనం చూసినవే. దోచుకున్న డబ్బంతా తిరిగి రాలేదు, అది నిజం. కానీ కాగితం మీద తన పేరుతో ఎంత రాశారో కూలి మనిషికి తెలియడం అంతకు ముందు లేదు.

ఇంకొకటి నీటికి సంబంధించిందే, మీ జిల్లాలోనూ జరిగింది. 2000ల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) సాయంతో, భూగర్భ జలాలను రైతులే చూసుకునే ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనే ప్రాజెక్టు ఏడు కరువు జిల్లాల్లో, ఆరు వందలకు పైగా పల్లెల్లో నడిచింది. నంద్యాల వైపు ఉన్న ఒక స్వచ్ఛంద సంస్థ దాన్ని ముందుండి నడిపింది. రైతులే ఊళ్లో వర్షమాపకం చూసేవాళ్లు, రైతులే బావుల్లో నీటి మట్టం కొలిచేవాళ్లు. ఆ అంకెలు ఊరి మధ్య బోర్డు మీద రాసేవాళ్లు. రబీకి ముందు అందరూ కూర్చుని భూమిలో నీళ్లు ఎన్ని ఉన్నాయి, ఏ పంట వేస్తే ఎన్ని పడతాయి అని లెక్క వేసుకునేవాళ్లు. వరి వేయొద్దని ఎవరూ ఆంక్ష పెట్టలేదు. అంకె చేతిలో ఉన్న రైతు తన నిర్ణయం తనే చేసుకున్నాడు. మీ ప్లాంటు గోడ మీద కూడా ఒక నల్ల బోర్డు పెట్టు. ఈ నెల ఎన్ని రోజులు నడిచింది, ఎన్ని క్యాన్లు పోయాయి, ఎంత వచ్చింది, ఎంత ఖర్చైంది, ఫ్లోరైడ్ ఎంత. ఐదే వరుసలు. ఆ బోర్డు నెలనెలా ఎవరు రాయాలో పొదుపు సంఘంవాళ్లు తేల్చుకుంటారు. మానిటరింగ్ అంటే నేను ఇంతకంటే ఎక్కువ అడగను.

పోల్చి చూడటం గురించి కొంచెం చెప్పాలి. "ప్లాంటు వచ్చాక మార్పు వచ్చింది" అని రాసేముందు, ప్లాంటు లేని పక్క ఊళ్లో కూడా ఆ మార్పు వచ్చిందేమో చూడాలి. హైదరాబాద్‌లో సూక్ష్మ రుణాల మీద ఒక పెద్ద అధ్యయనం జరిగింది. 104 బస్తీల్లో లాటరీ తీసినట్టు 52 ఎంచి, ముందు వాటిలోనే రుణాలు ఇచ్చారు. ఏడాదిన్నర తర్వాత రెండు రకాల బస్తీల్లోనూ సర్వే చేశారు. చిన్న వ్యాపారాలు కొంత పెరిగాయి. పిల్లల చదువులు, ఇంట్లో ఆడవాళ్ల మాటకు విలువ, ఇవి మాత్రం రెండు చోట్లా దాదాపు ఒకేలా ఉన్నాయి. అప్పు తీసుకున్నవాళ్లను మాత్రమే అడిగి ఉంటే, ఆ రోజుల్లో నగరంలో పెరిగిన సంపాదనంతా అప్పు ఖాతాలోనే రాసేవాళ్లు. నువ్వు అంత చేయక్కర్లేదు, చేయలేవు కూడా. ప్లాంటు లేని రెండు ఊళ్లకు వెళ్లి అదే ప్రశ్న అడుగు, పొద్దున తాగిన నీళ్లు ఎక్కడివని. అక్కడివాళ్లు ప్రైవేటు ప్లాంటు నుంచి ఆటోలో వచ్చే క్యాన్లు కొంటుంటే, మీ ప్లాంటు చేసిన మేలు ధర తగ్గించడం వరకేనేమో. లేదా వాళ్లు బోరు నీళ్లే తాగుతుంటే మీ మేలు చాలా పెద్దది. ఏదైనా తెలియాలి కదా.

అధికారిక భాష కావాలంటే, సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ వాళ్లు 1991లో ఇలాంటి మూల్యాంకనాలకు ఐదు ప్రశ్నలు ఖాయం చేశారు, 2019లో ఆరోది కలిపారు. మన మాటల్లో: ఇది వాళ్లకు కావలసిన పనేనా, అనుకున్నది అయిందా, పెట్టిన డబ్బుకు తగ్గట్టు అయిందా, బతుకులో ఏం మారింది, మనం వెళ్లిపోయాక నిలుస్తుందా, మిగతా పథకాలతో కలిసి నడుస్తోందా. చివరిది మీకు చాలా అవసరం. ప్రభుత్వ కుళాయి నీళ్లు రేపు ఆ ఊళ్లకు సరిగ్గా వస్తే కొత్తగా పది ప్లాంట్లు దేనికి? దాతలకు ఆ ప్రశ్న మీరే ముందు వేయండి.

ఇక మీ సార్ భయం. దాన్ని నేను కొట్టిపారేయను, జీతాలు ఆగితే ఏమవుతుందో నాకు తెలుసు. అందుకే ఆయనకు తెలియకుండా ఏదీ పంపొద్దు. ముందు రెండు పేజీల నోటు రాసి ఆయన చేతికివ్వు, తీరిగ్గా కూర్చుని మాట్లాడు. ఒక మాట అడుగు: "సార్, సంక్రాంతికి వాళ్లలో ఒకరు సొంతూరు వస్తారు. తాళం వేసిన ప్లాంటు చూస్తే మనం ఏం చెప్తాం?" ఈ దాతలు ఎక్కడో తెలియని ఊరికి డబ్బులు పంపలేదు, వాళ్ల అమ్మమ్మలు ఆ నీళ్లే తాగుతారు. ఫోన్‌లో ఈపాటికి సగం తెలిసే ఉంటుంది. రిపోర్టులో ఇలా రాయొచ్చు: "తొమ్మిది ప్లాంట్లు నడుస్తున్నాయి. మూడు సగం రోజులు ఆగుతున్నాయి. కారణాలు ఇవీ. బాగు చేయడానికి ఇంత ఖర్చవుతుంది. ఒక ఊళ్లో కాలనీకి నీళ్లు చేరట్లేదు, అక్కడే రెండో నీళ్ల పాయింట్ పెట్టి సాయంత్రం కూడా తెరవాలని అక్కడి ఆడవాళ్లు అడుగుతున్నారు. కొత్త పది ఊళ్లకంటే ముందు ఇవి సరిచేయాలని మా కోరిక." ఇలా రాస్తే ఫండ్ ఆగదని మాట ఇవ్వలేను. కానీ ఈ రిపోర్టు ముందుగా చేరాల్సింది ఆ నీళ్లు తాగేవాళ్లకు, తర్వాతే డబ్బు పంపినవాళ్లకు. అదే కాగితం తెలుగులో రాసి 12 ఊళ్లలో ప్లాంటు దగ్గర చదివి వినిపించు. వాళ్లు తప్పని చెప్పినవి దిద్దుకుని అప్పుడు అమెరికా పంపు. 64 గడుల ఫారం కూడా నింపి జత చెయ్యి, గొడవ లేదు.

ఒడిశాలో పొగ తక్కువొచ్చే మట్టి పొయ్యిల మీద జరిగిన అధ్యయనం సంగతి మీ సార్‌కి చెప్పు. మొదటి ఏడు చూస్తే ఇంట్లోవాళ్ల ఒంట్లోకి పోయే పొగ తగ్గింది. నాలుగేళ్లు వెంటపడి చూస్తే ఆ తేడా మిగల్లేదు, ఎందుకంటే పొయ్యి పగిలినా ఎవరూ మెత్తుకోలేదు, సరిగ్గా వాడలేదు. మొదటి ఏడాదే రిపోర్టు రాసి ముగించి ఉంటే అది ఒక సక్సెస్ స్టోరీ. మీ దాతలు మూడో ఏట అడగడం మీ అదృష్టమే.

ఆరు వారాల్లో మొదటి వారం కాగితాలకు పెట్టుకో. తర్వాత మూడు వారాలు ఊళ్లు, వారానికి నాలుగు. కాలనీకి మొదటి వారంలోనే ఒకసారి ఊరికే వెళ్లి కూర్చుని రా, ప్రశ్నలు రెండోసారికి ఉంచు. శాంపిళ్లకు ప్లాస్టిక్ సీసాలే తీసుకెళ్లు, ఫ్లోరైడ్ పరీక్షకు గాజు సీసాలకంటే అవే మేలు. పట్టే ముందు ఆ నీళ్లతోనే రెండుసార్లు తొలిచి, మూత గట్టిగా బిగించి, ఊరి పేరు, తేదీ, బోరు దగ్గరా ప్లాంటు కుళాయి దగ్గరా ఎక్కడ పట్టావన్నది చెరగని పెన్నుతో సీసా మీదే రాయి. మూత మీద రాయొద్దు, ల్యాబ్‌లో మూతలు మారిపోతాయి.